రాజుల నగరంలో మన వాటా

(పెనుగొండలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. పిల్లలతో కలిసి రాజమహేంద్రవరం యాత్రకు బయలుదేరే ముందు వారం ఈ సమావేశం జరిగింది.)



వచ్చే ఆదివారం మన పిల్లలు రాజమహేంద్రవరం చూడబోతున్నారు. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠను, జొన్నాడ వంతెన మీద గౌతమిని దాటితే చేరే ఊరు అది. వైద్యానికీ, పెళ్లి బట్టలకూ మనం ఎన్నోసార్లు వెళ్లి వచ్చిన ఊరే. కాని చరిత్ర చూడడానికని కుటుంబాలతో కలిసి వెళ్లడం వేరు. చూసినదాని గురించి పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలకు తల్లిదండ్రుల దగ్గర నిజాయితీ గల జవాబు ఉండాలి. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ జవాబు గురించే.

రాజమహేంద్రవరం రాజుల నగరం. రాజమహేంద్ర బిరుదు ధరించిన తూర్పు చాళుక్య ప్రభువు పేరు మీద వెలసిన ఊరు. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు ఇక్కడి నుంచి పాలించాడు. ఆయన కొలువులోనే నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెలుగు చేయడం ప్రారంభించాడు. ఆ తరువాత కాకతీయులు, రెడ్డి రాజులు, గజపతులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరి వెనుక ఒకరు ఈ రేవు మీద ఆధిపత్యం కోసం వచ్చారు. గోదావరి దాటే చోటు ఎవరి చేతిలో ఉంటే తీరాంధ్రలో రాకపోకలు వారి చేతిలో ఉంటాయి. అందుకే ఇన్ని జెండాలు ఇక్కడ ఎగిరాయి, ఇన్ని జెండాలు ఇక్కడ దిగాయి.

రాతి మీది మాట

ఆ నగరంలో మన పిల్లలు ఒక పాత మసీదు చూస్తారు. దాని ద్వారం పైన పారసీ శాసనం ఉంది. హిజ్రీ 724 రంజాన్ నెలలో, అంటే 1324లో, ఢిల్లీ సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ పాలనలో, ఉలుగ్ ఖాన్ అనుచరుడైన సాలార్ ఉల్వీ దానిని నిర్మించినట్లు ఆ శాసనం చెబుతోంది. 2024తో ఆ రాతకు ఏడు వందల ఏళ్లు నిండాయి. తెలుగు నేల మీద తేదీతో సహా నిలిచి ఉన్న తొలినాటి ముస్లిం కట్టడాలలో అది ఒకటి.

ఆ ఉలుగ్ ఖాన్ ఎవరు? గియాసుద్దీన్ కుమారుడు. 1323లో ఓరుగల్లును జయించి కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపిన సేనాని. 1325లో మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సింహాసనం ఎక్కిన వాడు. అంటే ఆ మసీదు ఒక జైత్రయాత్ర వెంట వచ్చిన కట్టడం. ఆ స్థలంలో అంతకు ముందు వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదని స్థానికంగా జనశ్రుతి ఉంది. ఈ మాట మన పిల్లలు బడిలోనో, బజారులోనో, సెల్‌ఫోనులోనో ఏదో ఒక రోజు వింటారు. ఇతరుల నోట నిష్ఠూరంగా వినకముందే తల్లిదండ్రుల నోట నెమ్మదిగా వినడం మేలు.

రాగిరేకుల మీది మాట

రాతి శాసనం ఒకటే చూస్తే సగం చరిత్రే చూసినట్టు. మిగిలిన సగం కోనసీమలో దొరికిన విలస తామ్రశాసనంలో ఉంది. ఢిల్లీ సైన్యాల మీద తిరుగుబాటుకు నాయకత్వం వహించిన ముసునూరి ప్రోలయ నాయకుడు విలస గ్రామాన్ని దానం చేస్తూ వేయించిన సంస్కృత శాసనం అది. ప్రతాపరుద్రుని పతనం తరువాత తెలుగు నేల ఏ స్థితికి చేరిందో అందులో వర్ణించారు. అగ్రహారాలు లాక్కున్నారని, దేవాలయాలను పాడుచేశారని, రైతుల పంట రైతులకు దక్కలేదని అందులో ఉంది.

రాజశాసనాలలో అతిశయోక్తి సహజమని, గెలిచిన వాడు ఓడిన వాడిని నల్లగా చిత్రిస్తాడని చరిత్రకారులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక సాలార్ ఉల్వీ శాసనానికి ఎంత వర్తిస్తుందో ప్రోలయ నాయకుని శాసనానికీ అంతే వర్తిస్తుంది. అయినా యుద్ధం జరిగిందనడంలో, జనం నలిగిపోయారనడంలో అనుమానం లేదు. పంట పోగొట్టుకున్న ఆ రైతు బాధను మనం తక్కువ చేయకూడదు. బాధితుల పక్షాన నిలబడతామని చెప్పుకునే మనం ఏడు వందల ఏళ్ల కిందటి బాధితుడిని మాత్రం ఎందుకు వదిలేయాలి?

కాబట్టి పిల్లలకు రెండూ చదివి చెప్పండి. రాయి ఏమంటోందో, రాగిరేకు ఏమంటోందో చెప్పండి. ఆ తరువాత ఈ ముఖ్యమైన మాట కూడా చెప్పండి. తుగ్లక్ మన తాత కాడు. ఆయన ఖజానాలో మనకు వాటా రాలేదు, ఆయన చేసిన పాపంలోనూ మనకు వాటా లేదు. ఈ డెల్టాలోని ముస్లింల తాతముత్తాతలు దూది ఏకినవారు, జట్కా బండి తోలినవారు, గుడ్డలు కుట్టినవారు, కౌలు పొలంలో మోకాలి లోతు బురదలో దిగినవారు. సుల్తాను పేరు చెప్పి మీసం మెలేయడం మనకు తగదు. సుల్తాను పేరు చెప్పి మన మీద వేలు చూపడం ఎవరికీ తగదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగిన వాడికే రెండవ మాట అనే అర్హత ఉంటుంది.

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో ‘పుట్టుమచ్చ’ కావ్యంతో తెలుగు సాహిత్యం ముందు పెట్టిన ప్రశ్న ఇటువంటిదే. తాను పుట్టకముందు ఎన్నడో జరిగిన దానికి ఒక మనిషి పుట్టుకతోనే ఎందుకు ముద్దాయి కావాలి? ఆ ప్రశ్నకు దేశం ఇంకా సూటిగా బదులు చెప్పలేదు.

సింహాసనానికి మతమెక్కడిది?

రాజుల యుద్ధాలను మతాల యుద్ధాలుగా చదివే అలవాటు మనలోనూ ఉంది, బయటా ఉంది. రాజమహేంద్రవరం చరిత్ర ఆ అలవాటును మాన్పించగలదు.

రాజరాజనరేంద్రుడు కిరీటం కోసం పోరాడింది ఎవరితో? సవతి సోదరుడైన విజయాదిత్యునితో. ఒకరి వెనుక చోళులు, మరొకరి వెనుక కల్యాణి చాళుక్యులు నిలిచారు. కొండవీటి రెడ్లూ రాజమహేంద్రవరం రెడ్లూ ఒకే కులంవారు, బంధువులు. అయినా కత్తులు దూసుకున్నారు. గజపతుల ఇంట వారసత్వ తగవు వచ్చినప్పుడు హంవీరుడు సహాయం కోరి వెళ్లింది బహమనీ సుల్తాను దగ్గరకే.

బహమనీల సంగతీ చూడండి. ఆ రాజ్యంలో మహమూద్ గవాన్ వంటి మంత్రి మరొకడు లేడు. బీదరులో ఆయన కట్టించిన మదరసా ఈనాటికీ ఉంది. ఒరిస్సా గజపతికి ఆయన రాసినట్లుగా శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాను విచారణ లేకుండా 1481లో ఆయన తల తీయించాడు. అది జరిగింది మన పొరుగున ఉన్న కొండపల్లిలో. ఒకే మతానికి చెందిన ప్రభువు, ఒకే మతానికి చెందిన మంత్రి; మధ్యలో న్యాయానికి చోటు లేదు. సింహాసనం ముందు కలిమా, కులం, గోత్రం ఏవీ అక్కరకు రావు. ఈ ఉదాహరణలు పిల్లలకు వరుసగా చెబితే ‘మన రాజు’, ‘వాళ్ల రాజు’ అనే మాటలు వాటంతట అవే రాలిపోతాయి.

పెనుగొండ చెప్పే పాఠం

ఈ విషయం గ్రహించడానికి నది దాటనక్కరలేదు, మనం కూర్చున్న ఈ ఊరు చాలు. దేశవిదేశాలలోని ఆర్యవైశ్యులకు పెనుగొండ పవిత్రస్థలం. వాసవీ కన్యకను బలవంతంగా పెళ్లాడగోరిన విష్ణువర్ధన మహారాజుకు లొంగక, ఆమెతో పాటు నూటరెండు గోత్రాలవారు అగ్నిప్రవేశం చేశారన్నది వారి పురాణగాథ. ఆ రాజు కుమారుడైన రాజరాజనరేంద్రుడు ఇక్కడికి వచ్చి దుఃఖపడ్డాడని కూడా ఆ గాథ చెబుతుంది. అంటే పెనుగొండనూ రాజమహేంద్రవరాన్నీ కలిపే తాడు ఒకటి ఆ కథలోనే ఉంది.

ఇందులో మనం గమనించవలసింది ఏమిటి? ఈ ఊరు రాజును తలచుకోదు, రాజుకు తల వంచని ఆడపిల్లను తలచుకుంటుంది. విష్ణువర్ధనుడు ఏ దేవుణ్ణి కొలిచాడో, ఆ దేవుణ్ణి కొలిచేవారందరినీ ఈనాడు ఎవరూ దోషులుగా నిలబెట్టరు. నిలబెట్టకూడదు కూడా. అధికార మదంతో ఒక పాలకుడు చేసిన దుర్మార్గం ఆ పాలకుడిదే. ఈ సామాన్య న్యాయం అందరికీ ఒకేలా వర్తించాలని మాత్రమే మనం అడుగుతున్నాం. ఇంతకు మించి అడగడం లేదు, ఇంతకు తగ్గి ఊరుకోవడమూ లేదు.

మనకు నిజంగా దక్కిన ఆస్తి

రాజుల నుంచి మనకు ఏమీ రాలేదంటే, ఆ నగరంలో మనదంటూ ఏముంది? చాలా ఉంది. అయితే అది కోటలో కాక మాటలో, పుస్తకంలో, కాగితంలో దొరుకుతుంది.

రాజమహేంద్రవరం రెడ్డి రాజుల మంత్రి బెండపూడి అన్నయామాత్యునికి శ్రీనాథ మహాకవి భీమేశ్వర పురాణాన్ని అంకితం ఇచ్చాడు. ద్రాక్షారామ భీమేశ్వరుని మహిమ చెప్పే కావ్యం అది. ఆ కావ్యంలోనే కవి తన మంత్రిని పొగుడుతూ, ఆయన అరబ్బీ, తురుష్క భాషలు తెలిసినవాడని, పారసీలో లేఖలు రాయగలవాడని చెబుతాడు. శివభక్తుడైన మంత్రికి పారసీ రావడం శివభక్తుడైన కవికి గొప్పగా తోచింది. విలస శాసనం తరువాత సుమారు వంద ఏళ్లలోపే ఈ మార్పు వచ్చింది. కత్తి తెచ్చిన భాషను కలం తనదిగా చేసుకుంది.

ఎదురు దిక్కు నుంచీ అదే జరిగింది. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. అచ్చ తెనుగులో తొలి కావ్యంగా పేరొందిన పొన్నగంటి తెలగనార్యుని యయాతి చరిత్ర అమీన్ ఖాన్ అనే ముస్లిం ప్రభువుకు అంకితమైంది. ఒక్క సంస్కృత పదమైనా కలవని తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్ అని మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

రాజులను పక్కన పెట్టి మన జిల్లాల మనిషి ఒకరిని చెబుతాను. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషా కవి. ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలుగా తెచ్చారు. మహాభారత కథతో నాటకం రాశారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా పనిచేసి 1945లో కన్నుమూశారు. నన్నయ భారతం మొదలుపెట్టిన తొమ్మిది వందల ఏళ్లకు, అదే గోదావరి సీమలో ఒక ముస్లిం కవి భారతకథను రంగస్థలం మీదికి తెచ్చారు. తెలుగు ఎవరిదని ఎవరైనా అడిగితే ఈ ఒక్క జీవితం చాలు జవాబుకు.

ఇక మాటల సంగతి. మన డెల్టా రైతు ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా, పొలం కౌలుకు ఇస్తాడు, కౌలుకు తీసుకుంటాడు. ‘కౌలు’ అరబ్బీ మాట, ‘ఇచ్చిన మాట’ అని దాని అర్థం. దస్తావేజు, రసీదు, తహశీల్దారు, వకీలు, దావా, ఫిర్యాదు, అసలు, నకలు, జవాబు, చివరకు తగవు తీరినప్పుడు చేసుకునే రాజీ. ఇవన్నీ పారసీ, అరబ్బీల నుంచి వచ్చి తెలుగువారి నాలుక మీద స్థిరపడినవే. అన్నిటికన్నా ముఖ్యమైనది ‘హక్కు’. ‘హఖ్’ అంటే సత్యం, న్యాయంగా చెందవలసినది. ఈ రాష్ట్రంలో ఏ కూలి సంఘం, ఏ మహిళా సంఘం, ఏ దళిత సంఘం ఊరేగింపు తీసినా హక్కు అని నినదిస్తుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అడగనవసరం లేనంతగా అది అందరిదైపోయింది. ఈ నేలలో మన వాటా అటువంటిది. వేరు చేసి చూపడానికి వీలులేనంతగా కలిసిపోయినది.

చట్టం మాట

భావన ఒకటే చాలదు, చట్టమూ తెలియాలి. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం ప్రకారం, 1947 ఆగస్టు 15న ఒక ప్రార్థనా స్థలం ఏ మతానికి చెందినదిగా ఉందో ఆ స్వభావం అలాగే కొనసాగాలి. అయోధ్య వివాదాన్ని ఆ చట్టం మినహాయించింది, రక్షిత పురాతన కట్టడాలనూ మినహాయించింది. అయోధ్యపై 2019 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని లౌకిక రాజ్యాంగ విలువలతో ముడిపెట్టి సమర్థించింది. ఆ చట్టం చెల్లుబాటు మీద వ్యాజ్యాలు నడుస్తుండగా, కొత్త దావాలు నమోదు చేయరాదని, సర్వేలకు ఆదేశాలు ఇవ్వరాదని 2024 డిసెంబరు 12న దేశంలోని కోర్టులకు చెప్పింది. గతాన్ని తవ్వి వర్తమానాన్ని కూల్చరాదన్నది ఈ చట్టం వెనుక ఉన్న జ్ఞానం. ఇది మన ఒక్కరికి రక్షణ కాదు, దేశశాంతికి రక్షణ.

రాజ్యాంగం 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు పౌర సమూహాలకు ఇచ్చింది. 51ఎ అధికరణం మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం ప్రతి పౌరుని కర్తవ్యమని చెప్పింది. ఒకటి హక్కు, ఒకటి బాధ్యత. మసీదు శాసనాన్ని కాపాడమని అడిగే హక్కు మనకు ఎంత ఉందో, మన ఊరి శివాలయ శాసనం మీద సున్నం పూయకుండా చూసే బాధ్యతా అంతే ఉంది.

2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక కాగితానికి విలువ మరింత పెరిగింది. దీర్ఘకాల వాడుక వల్ల ఏర్పడే వక్ఫ్‌ను ఆ చట్టం ఇకమీదట కొత్తగా గుర్తించదు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను నిలిపివేసినా, చట్టం మొత్తాన్ని నిలిపివేయలేదు. సాలార్ ఉల్వీ రాతిలో చెక్కించాడు కాబట్టి ఏడు శతాబ్దాల తరువాత కూడా తేదీ చెప్పగలుగుతున్నాం. మన పల్లెల్లోని ఖబరస్తాన్లకు, దర్గాలకు, చిన్న మసీదులకు అటువంటి రాయి ఎక్కడుంది? ముతవల్లీ గారి ట్రంకు పెట్టెలోని నలిగిన కాగితమే ఆధారమైతే, చెదపురుగు కన్నా పెద్ద శత్రువు మనకు అక్కరలేదు.

యాత్రలో చేయవలసిన పనులు

కాబట్టి ఈ యాత్రను విహారంగా ముగించవద్దు. నాలుగు పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, ఆడపిల్లలను, తల్లులను తప్పక తీసుకువెళ్లండి. చరిత్ర యాత్ర అనగానే మగపిల్లలను బస్సెక్కించి, ఆడపిల్లలకు ఇంటి పని అప్పగించే అలవాటు మనలో ఉంది. ఇంట్లో పిల్లల ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పేది తల్లి. ఆమె ఆ రాతను కళ్లారా చూడాలి. మసీదు కమిటీ పెద్దలతో ముందుగా మాట్లాడి, నమాజు వేళ కాని సమయంలో స్త్రీలు కూడా శాసనం చూసే ఏర్పాటు చేయించండి.

రెండవది, మసీదు ఒక్కటే చూసి తిరిగి రావద్దు. గోదావరి రేవులు చూపండి. రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాలలోని శిల్పాలు, నాణేలు, శాసనాలు చూపండి. వితంతు వివాహాలు జరిపించిన కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూపండి. ధవళేశ్వరం ఆనకట్ట చూపి, 1847 నుంచి 1852 వరకు వేలాది కూలీలు రాళ్లు మోస్తేనే మన చేలకు నీరు వచ్చిందని చెప్పండి. వీలైతే మరొకసారి ద్రాక్షారామం వెళ్లి, భీమేశ్వరాలయం ఉన్న ఊరిలోనే సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉన్న సంగతీ చూపండి.

మూడవది, ప్రతి పిల్లవాడి చేతా, ప్రతి పిల్ల చేతా ఒక పుస్తకంలో రాయించండి. చూసిన కట్టడం పేరు, కాలం, దాని మీద ఉన్న భాష, ఎవరు చెప్పారు. తిరిగి వచ్చాక అదే పద్ధతిలో మన ఊళ్లలోని సమాధి రాళ్లు, మసీదు గోడల మీది రాతలు ఫొటోలు తీయించండి. అరబ్బీ, ఉర్దూ చదవగలిగిన పెద్దలు బతికుండగానే వాటి అర్థం తెలుగులో రాయించి పెట్టుకోండి. ఆస్తుల కాగితాలకు నకళ్లు తీయించి, కమిటీ వద్ద ఒకటి, వక్ఫ్ బోర్డుకు ఒకటి చేర్చండి.

నాలుగవది, పక్కింటి పిల్లలనూ పిలవండి. నన్నయ ఊరు చూడడానికి హిందూ పిల్లలు, పారసీ శాసనం చూడడానికి ముస్లిం పిల్లలు వేరువేరు బస్సులలో వెళితే ఈ ప్రసంగం వృథా. ఒకే బస్సులో వెళితే పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. కష్టమైన ప్రశ్నలు వస్తే రానివ్వండి. స్నేహితుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం, అపరిచితుడు చేసిన ఆరోపణకు చెప్పడం కష్టం.

సోదరీ సోదరులారా, రాజమహేంద్రవరంలో చాళుక్యుల కొలువు లేదు, తుగ్లక్ సేన లేదు, గజపతి ఏనుగులు లేవు, కుతుబ్‌షాహీ ఫౌజుదారు లేడు. ఉన్నది గోదావరి, దాని ఒడ్డున తెలుగు మాట్లాడుకునే జనం. ఆ జనంలో మనం ఉన్నాం. మనల్ని ఇక్కడికి ఏ రాజూ ఆహ్వానించలేదు, ఏ రాజూ పంపించజాలడు. మన పిల్లలు ఆ మసీదు ముందు గర్వంతో విర్రవీగకుండా, అవమానంతో తల దించుకోకుండా, నిటారుగా నిలబడి ఆ రాతను చదవాలి. అలా చదవడం నేర్పితే మనం మన బాధ్యత నెరవేర్చినట్లే.

అల్లాహ్ మన పిల్లలకు సత్యం చెప్పే ధైర్యాన్ని, సత్యం వినే ఓర్పును ప్రసాదించుగాక. సెలవు. ఖుదా హాఫిజ్.